బోర్డు మీద తన్ను

నా ఎడమ మణికట్టు విరిగినప్పటి నొప్పి ఇప్పుడు గుర్తులేదు. చప్పుడు మాత్రం గుర్తుంది. చెరకుగడను మోకాలికేసి విరిచినట్టు వచ్చింది. ఆ చప్పుడు విన్నాక కూడా వాళ్ళు ఆగలేదు. ఒకడు నా జుట్టు పట్టుకుని తలను ఇనుప బీరువాకేసి కొట్టాడు. ఇంకొకడు బూటుకాలితో డొక్కలో తన్నాడు. పన్ను ఊడి నాలుక కింద దొర్లుతుంటే దాన్ని ఉమ్మేయడానికి కూడా వ్యవధి ఇవ్వలేదు.

వాళ్ళు ఎదుటి జట్టు వాళ్ళు కాదు. నా జట్టు వాళ్ళే. పొద్దున నాతో ఒకే పళ్ళెంలో పూరీలు తిన్నవాళ్ళు.

అప్పట్లో అబిడ్స్, నాంపల్లి చుట్టుపక్కల ఏ పెద్ద ఆఫీసుకైనా సొంత హాకీ జట్టు ఉండేది. ఆట వచ్చినవాడికి గుమాస్తా ఉద్యోగం ఇచ్చేవారు. ఆ కుర్చీలో కూర్చుని పని చెయ్యమని ఎవరూ అడిగేవారు కాదు. పొద్దున వచ్చి సంతకం పెట్టి, అన్నం వేళకల్లా మైదానంలో ఉండేవాళ్ళం. మా నాయన పల్లె విడిచి వచ్చి నాంపల్లి స్టేషన్లో మూటలు మోసినవాడు. ఆయన కొడుకు ఫొటో పేపర్లో పడిందంటే అదంతా హాకీ కర్ర పుణ్యమే.

నేను లెఫ్ట్ ఫుల్‌బ్యాక్‌ని. వినయం నాకు చిన్నప్పటి నుంచీ లేదు కాబట్టి చెబుతున్నాను, నన్ను దాటి బంతి తీసుకుపోయినవాళ్ళు ఈ నగరంలో చాలా తక్కువ. రాష్ట్రం జట్టుకు ఆడాను. దేశం జట్టు శిబిరానికి రమ్మని పిలుపు వచ్చింది. నేను నాంపల్లి ఇరానీ హోటల్లో అడుగు పెడితే గల్లా దగ్గర కూర్చున్న ముసలాయన లేచి నిలబడేవాడు. అంత వైభోగం చూసినవాడికి, అదే వీధిలో తల దించుకుని నడవడం ఎంత కష్టమో చూడనివాళ్ళకు చెప్పినా తెలియదు.

ఆ గొడవ ఎక్కడ మొదలైందో తెలియాలంటే పెనాల్టీ కార్నర్ సంగతి కొంచెం చెప్పాలి. ఎదుటివాళ్ళకు పెనాల్టీ కార్నర్ దొరికితే మాలో కొందరం గోల్ గీత వెనక నిలబడాలి. వాళ్ళు పక్క నుంచి బంతిని తోయగానే మావాళ్ళు కొట్టేవాడి మీదికి ఉరుకుతారు. ఒకడు మాత్రం ఎడమ స్తంభం దగ్గరే ఉండి ఆ మూల కాస్తాడు. ఆ ఒకణ్ణి నేను. ఒక్కోసారి మా గోల్‌కీపర్‌కి నన్ను కూడా ఉరికించాలని, ఆ మూల కూడా తానే చూసుకోవాలని అనిపించేది. ఆ మాట అరిచి చెబితే ఎదుటివాళ్ళు వింటారు. అందుకని వాడొక పద్ధతి కనిపెట్టాడు. గోల్‌లో వల అడుగున మోకాలెత్తు చెక్క బోర్డు ఉంటుంది. బంతి ఆడేముందు వాడు వెనక్కి జరిగి మడమతో ఆ బోర్డును ఒక్కసారి తంతే నేను కదలకూడదు. రెండుసార్లు తంతే ఉరకాలి.

వాడూ నేనూ నాంపల్లిలో ఒకే గల్లీ వాళ్ళం. ఒకే ఈడు. వాడి తన్ను నాకు మాటకంటే బాగా అర్థమయ్యేది. మా ఇద్దరికీ పెళ్ళి చేసేస్తే పీడా పోతుందని జట్టులో వాళ్ళు ఆట పట్టించేవాళ్ళు. ఆ తన్నుల మీద చాలా ఆటలు గెలిచాం.

ఆ ఏడు ఫైనల్ మా మైదానంలో కాకుండా నాంపల్లిలోనే గోదాముల పక్కనున్న మైదానంలో పెట్టారు. అక్కడ మేం అంతకుముందు ఎప్పుడూ ఆడలేదు. ఒక గోల్ వెనక రోడ్డు, రెండో గోల్ వెనక ఖాళీ జాగా, ఆ జాగా అవతల ఎత్తైన రాతి గోదాము. మొదటి సగం మేం రోడ్డు వైపు కాశాం. రెండో సగం గోదాము వైపు. ఆట అయిపోవస్తుండగా, రెండు జట్లూ సమానంగా ఉండగా, వాళ్ళకు పెనాల్టీ కార్నర్ దొరికింది. గోదాము వైపు అదే మొదటిది. చూసేవాళ్ళంతా ఊపిరి బిగబట్టారు. అంతమంది ఉన్నచోట అంత నిశ్శబ్దం నేను మళ్ళీ వినలేదు.

ధడ్. ధడ్.

రెండుసార్లు. నా చెవులతో విన్నాను. ఆ లెక్క నాకొక్కడికే పని, మిగతావాళ్ళ ధ్యాసంతా బంతి మీదే. బంతి కదలగానే ఉరికాను. నేను విడిచిపెట్టిన మూలలోంచే బంతి దొర్లుకుంటూ లోపలికి పోయింది. మా గోల్‌కీపర్ అటు చూడను కూడా చూడలేదు. అక్కడ నేనున్నానన్న ధీమా వాడిది. కప్పు పోయింది.

బట్టలు మార్చుకునే రేకుల గదిలోకి రాగానే కెప్టెన్ తలుపు గడియ పెట్టాడు. ఆయన మాకంటే పెద్దవాడు, మేమంతా అన్నా అని పిలిచేవాళ్ళం.

"ఎందుకు ఉరికినవ్?" అన్నాడు.

"వాడు రెండుసార్లు తన్నిండన్న."

గోల్‌కీపర్ హెల్మెట్ తీసి నేలకేసి కొట్టాడు. "ఒక్కసారే తన్నిన. మా అమ్మ మీద ఒట్టు. ఒక్కసారే."

"రెండుసార్లు తన్నినవ్ రా!"

"గెలిచినోళ్ళ ఆఫీసు సాబుతోని మొన్న హోటల్ల కూసొని చాయ్ తాగినవ్," అన్నాడు గోల్‌కీపర్. " మేం చూడలేదనుకున్నవా? కుర్సీ కోసం మమ్మల్ని అమ్ముకున్నవ్."

చాయ్ తాగిన మాట నిజం. వాళ్ళ ఆఫీసులో నాకు పై ఉద్యోగం ఇస్తామన్నారు. పట్టపగలు, అందరూ చూస్తుండగా, ఆ ఇరానీ హోటల్లోనే అడిగారు. నేను ఔననలేదు, కాదనలేదు. ఆలోచించుకుంటానన్నాను. ఆటను అమ్ముకునేవాడు గల్లీ మొత్తం చూసేచోట కూర్చుని ఉస్మానియా బిస్కెట్లు ముంచుకుని తింటాడా? అంత చిన్న ఆలోచన కూడా వాళ్ళకు రాలేదు.

మొదటి దెబ్బ నాదే. అమ్ముకున్నావంటే ఊరుకునే రకం కాదు నేను. వాడి మూతి మీద గుద్దాను, పెదవి చీలింది. తర్వాత అందరూ నా మీద పడ్డారు. ఇద్దరు నా ఎడమ చెయ్యి లాగి బల్ల మీద పెట్టి పట్టుకున్నారు. హాకీలో కర్రను తిప్పేది ఎడమ మణికట్టే. అది లేకపోతే ఆటగాడు లేడు. వాళ్ళకా సంగతి తెలియక కాదు, తెలిసే పెట్టారు. కర్ర ఎత్తినవాడు మా గోల్‌కీపరే. చీలిన పెదవిలోంచి నెత్తురు కారుతుంటే ఏడుస్తూ కొట్టాడు.

రెండుసార్లు విన్నానంటే, ఎట్లా విన్నావురా, ఏం విన్నావురా అని ఒక్కడు అడిగి ఉంటే చాలు. నా మణికట్టు మీద కొట్టిన దెబ్బకంటే ఆ అడగకపోవడమే నన్ను ఎక్కువ మండించింది. ఇప్పటికీ మండుతుంది.

కెప్టెన్ నన్ను రిక్షాలో పడేసి ఒంటరిగా దవాఖానకు పంపించాడు. డాక్టర్ చెయ్యి చూసి, పక్కనున్న పోలీసును చూసి, "ఎట్ల తగిలింది?" అని అడిగాడు. "ఆటల తగిలింది సార్" అన్నాను. ఎందుకన్నానో అప్పుడు తెలియలేదు. నిజం చెబితే అందరి ఉద్యోగాలూ పోయేవి. ముఖం వాచి, పన్ను ఊడి, చెయ్యి వేలాడుతున్నా వాళ్ళింకా నా జట్టేనని లోపల ఏదో వెధవ నమ్మకం. ఆ నమ్మకం మీద నాకు వచ్చినంత కోపం వాళ్ళ మీద కూడా రాలేదు.

ఎముక వంకరగా అతుక్కుంది. దేశం జట్టు శిబిరం నేను లేకుండానే మొదలై ముగిసింది. నేను ఆస్పత్రి మంచం దిగేలోపు నా పేరుకు ముందు "అమ్ముకున్నోడు" అని ఒక ముక్క అతికింది. ఆఫీసులో నన్ను ఖైరతాబాద్ శాఖకు మార్చారు. అక్కడా అదే గుసగుస. కొన్నాళ్ళకు ఉద్యోగం విడిచి అబిడ్స్‌లో ఒక సందులో చిన్న మల్గీ, ఒక్క షట్టర్ గది, కిరాయికి తీసుకుని ఆటసామాన్ల దుకాణం పెట్టాను. క్రికెట్ బ్యాట్లు, క్యారమ్ బోర్డులు, ప్లాస్టిక్ కప్పులు అమ్మాను. హాకీ కర్రలు పెట్టలేదు. నాది మాత్రం ఒకటి గల్లా వెనక గోడకు ఆనించి ఉండేది.

అది ఆటకు ఉంచుకున్నది కాదు. చాదర్‌ఘాట్ పోయే బస్సులో ఒకడు నన్ను గుర్తుపట్టి పక్కవాడితో ఆ మాట అన్నాడు. వాడి ముక్కు పగిలేదాకా కొట్టాను. బస్సాపి దించేశారు. ఇంకోసారి దుకాణానికి వచ్చిన పెద్దమనిషి బ్యాటు చూస్తూ, "మీరే కదా అప్పట్ల..." అని నవ్వాడు. ఆ బ్యాటే లాక్కుని గాజు షోకేసు పగలగొట్టాను. ఆయన బతుకుజీవుడా అని ఉరికాడు, నేను గాజు పెంకులు ఊడ్చుకున్నాను. మా ఆవిడ అప్పుడొక మాట అన్నది. "నీకు కొట్టాలెనని ఉన్నది గాళ్ళను. కొడుతున్నది కనవడ్డోళ్ళను. గాళ్ళ తానికే పోయి కొట్టరాదు?"

పోలేదు. ముప్పై ఏళ్ళకు పైగా ఆ జట్టులో ఒక్కడి ముఖం చూడలేదు. గోల్‌కీపర్ మా గల్లీ విడిచి పోయాడు. నేను ఆ గోదాము మైదానం ఉన్న వీధిలోంచి నడవడం మానేసి, స్టేషన్‌కు పోవాలన్నా చుట్టు తిరిగి పోయేవాణ్ణి. రెండు కోరికలు మాత్రం విడవలేదు. నువ్వు అమ్ముకోలేదురా అని వాళ్ళ నోటితో వినాలి. తర్వాత ఆ గోల్‌కీపర్ ఎడమ మణికట్టు విరగ్గొట్టాలి. వరస అటూ ఇటూ అయినా ఫరవాలేదనుకున్నాను.

ఇటీవల ఒక ఆదివారం. అబిడ్స్‌లో ఆదివారమంటే షట్టర్లన్నీ మూసి ఉంటాయి, వాటి ముందు ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలు పరుస్తారు. నా సందు మూల దాకా పుస్తకాలే. నేను సరుకు సర్దుకోవడానికని సగం షట్టర్ ఎత్తి కూర్చున్నాను. ఒక తెల్లజుట్టు మనిషి పుస్తకాలు తొక్కకుండా లుంగీ ఎత్తిపట్టుకుని దాటుకుంటూ వచ్చి, వంగి, లోపలికి చూశాడు.

కెప్టెన్. నడుము వంగింది గానీ ఆ చూపు అదే.

నేను కర్ర అందుకున్నాను. ఆయన అరచెయ్యి చూపించాడు.

"జర ఆగు. కొట్టుదువు గాని, చెప్పేది విను."

"బయట నిలవడే చెప్పు" అన్నాను.

ఆయన బయటే నిలబడి చెప్పాడు. గోదాము మైదానాన్ని తవ్వేసి కొత్తగా పచ్చ ప్లాస్టిక్ గడ్డి చాప పరుస్తారట. పాత గోల్ స్తంభాలు, బోర్డులు అన్నీ పీకేస్తారట. అంతకుముందే, వచ్చే ఆదివారం, పాత జట్టంతా ఆఖరుసారి ఒక ఆట ఆడదామనుకున్నారు. ఎదురుగా ఒక కాలేజీ ఆడపిల్లల జట్టు. "ఎడమ స్తంభం కాడ నిలవడేటోడు లేడు. నువ్వు పోయినంక గాడ ఎవ్వడు కుదురలే."

"నేను అమ్ముకున్నోన్ని కదా. మల్ల నన్నే నిలవెడతరా?"

ఆయన లుంగీ సవరించుకున్నాడు. "మన కీపరే రమ్మన్నడు" అన్నాడు.

"వాని చెయ్యి ఇరగ్గొడత."

"వచ్చి ఇరగ్గొట్టు. గాని రా."

ఆయన వెళ్ళిపోయాక ఆ కర్రను పాతగుడ్డతో తుడిచిందే తుడిచాను. కోపంతో అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే అందులో సంతోషం కూడా కలిసి ఉంది. అది ఒప్పుకోవడానికి నాకు ఒళ్ళు మంట.

మా ఆవిడతో చెబితే, "పో. కర్ర ఇడిచి పో" అన్నది. కర్ర లేకుండా హాకీకి ఎట్లా పోతానంటే, "నువ్వు పొయ్యేది హాకీకా?" అన్నది. కర్ర తీసుకునే పోయాను.

మైదానంలో అందరూ ముసలాళ్ళు. ఒకడికి మోకాళ్ళకు పట్టీలు, ఒకడికి పొట్ట మీద జెర్సీ ఎక్కడంలేదు. ఎవరూ చెయ్యి కలపలేదు, నేనూ చాచలేదు. గోల్‌కీపర్ మాత్రం అప్పుడే పూర్తి సరంజామాతో తయారైపోయాడు. కాళ్ళకు ప్యాడ్లు, ఛాతీకి కవచం, తలకు చెవులు కప్పేసే పాత హెల్మెట్. షుగర్ వచ్చి ఒక కాలివేలు తీసేశారట, అయినా కుంటుకుంటూ గోల్ ముందు అటూ ఇటూ తిరుగుతున్నాడు. హెల్మెట్ జాలీలోంచి నా వైపు చూశాడు. తల ఊపాడు. నేను ఊపలేదు. నేను వాడి ఎడమ చెయ్యి చూశాను.

ఆట గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఆ పిల్లలు మా కాళ్ళ మధ్య నుంచి బంతి తీసుకుపోయి, పడిపోకుండా మమ్మల్ని పట్టుకుని మళ్ళీ ఉరికారు. "అంకుల్, జర పైలం" అంటుంటే పరువు పోయింది. మొదటి సగం మేం రోడ్డు వైపు కాశాం. రెండో సగం గోదాము వైపు మారాం. కాసేపటికి మావాడొకడి కాలికి బంతి తగిలి, వాళ్ళకు పెనాల్టీ కార్నర్ దొరికింది.

కెప్టెన్ నన్ను చూసి ఎడమ స్తంభం వైపు చెయ్యి చూపించాడు. పోయి నిలబడ్డాను. స్తంభం మీద రంగు మీద రంగు వేసి గరుకు తేలింది. వెనక అదే రాతి గోదాము. అరిచేవాళ్ళు లేరు, చూసేవాళ్ళు లేరు. బంతి దగ్గర ఒక పిల్ల వంగింది. నా పక్కన గోల్‌కీపర్ వెనక్కి జరిగాడు.

ధడ్. ధడ్.

నేను ఉరకలేదు. మెదడులో ఏదో తెగింది. ముప్పై ఏళ్ళు నన్ను పీక్కు తిన్న ఆ చప్పుడును, నన్ను పిలిపించి, నిలబెట్టి, నా చెవి పక్కనే మళ్ళీ వాయించాడు. ఎగతాళికి పిలిచాడనుకున్నాను. బంతి వచ్చి ఎవరి కాళ్ళ మధ్య నుంచో గోల్‌లో పడింది. నేను దాన్ని చూడలేదు.

"మల్ల రెండుసార్లు తన్నినవ్ రా లంగా!" అని తిరిగాను.

"ఒక్కసారే..." అన్నాడు జాలీలోంచి.

కర్ర ఎత్తాను. వాడు అడ్డం పెట్టిన ఎడమ చేతి గ్లవ్‌కు పైన, మణికట్టు మీద, ఉన్న బలమంతా పెట్టి కొట్టాను. ఆ చప్పుడు వెంటనే గుర్తుపట్టాను. వాడు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. రెండో దెబ్బకు కర్ర లేపాను. వెనక నుంచి ఎవడో మెడ పట్టుకున్నాడు. ఒకడు నా ముఖం మీద గుద్దాడు, కళ్ళద్దాలు ఎగిరిపోయాయి. నేను మోచేత్తో వాడి దవడ మీద కొట్టాను. ఇంకొకడు నా కాళ్ళు పట్టి లాగాడు. మట్టిలో పడ్డాం, ముసలి కుక్కల్లా ఒకణ్ణొకడు పీక్కున్నాం. ఒకడు ఆయాసంతో తన్నలేక నా డొక్క మీద కూర్చుండిపోయాడు. నేను వాడి చెయ్యి కొరికాను. ఆ ఆడపిల్లలు నోళ్ళు తెరిచి చూస్తున్నారు. కొందరు ఫోన్లు తీసి పట్టుకున్నారు.

"ఆపున్రి!" అని కెప్టెన్ అరిచాడు. "ఎన్నేండ్లైనా నీ అబద్ధం నీదే కదరా! ఈసారి నేను పక్కనే ఉన్న. కండ్లతోని చూసిన. వాడు ఒక్కసారే తన్నిండు. గిట్ల తన్నిండు, చూడు, గిట్ల!" అని గోల్‌లోకి పోయి, ఆ వయసులో, బోర్డు మీద మడమతో ఒక్క తన్ను తన్నాడు.

ధడ్. ధడ్.

కెప్టెన్ కాలు గాలిలోనే ఉంది.

నా మీద కూర్చున్నవాడు లేచాడు. గోల్‌కీపర్ కుడిచేత్తో హెల్మెట్ ఎప్పుడు తీశాడో తీశాడు. చెమటకు అంటుకున్న తెల్ల వెంట్రుకలతో, విరిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, తల పక్కకు వంచి వింటున్నాడు.

"మల్ల తన్ను" అన్నాడు.

కెప్టెన్ మళ్ళీ ఒక్కసారి తన్నాడు. బోర్డు ఒకసారి మోగింది. ఆ వెంటనే వెనకనున్న గోదాము గోడ అంతే గట్టిగా తిరిగి మోగింది. మా సొంత మైదానంలో గోల్ వెనక గోడ లేదు. ఇక్కడ ఉంది. ఆ రోజు కూడా ఉంది. హెల్మెట్ చెవులు కప్పేసినవాడికి తాను తన్నిన తన్ను కాలికే తెలుస్తుంది, ఒకటే తెలుస్తుంది. చెవులు తెరుచుకుని పక్కన నిలబడ్డ నాకు రెండు. వాడు ఒట్టు పెట్టింది నిజం. నేను విన్నదీ నిజం.

"ఇంకోసారి" అన్నాడు వాడు.

"వద్దురా" అన్నాడు కెప్టెన్. గోల్ స్తంభం పట్టుకుని అట్లాగే కిందికి జారి కూర్చున్నాడు.

నేను మట్టిలో పడుకునే ఉన్నాను. ఇన్నేళ్ళు వినాలనుకున్నది దొరికింది, విరగ్గొట్టాలనుకున్నది విరిగింది. నాకు ఏడుపొచ్చింది. దొంగ ఏడుపు కాదు, ముక్కు కారే ఏడుపు. ఒక్కడు అడిగి ఉంటే, ఒక్కసారి నన్ను వెంటబెట్టుకుని ఈ గోల్‌లోకి వచ్చి ఉంటే సరిపోయేది. అడగలేదని ఇన్నేళ్ళు మండిపడ్డవాణ్ణి, ఇప్పుడు వాణ్ణి అడక్కుండానే కొట్టాను. ఆ సంగతి తట్టగానే సిగ్గేసింది.

లేచి వాడి దగ్గరికి పోయాను. "లే, దవాఖానకు పోదాం" అన్నాను.

"లేపు" అన్నాడు.

ప్యాడ్లు విప్పాను. నా వంకర చెయ్యి వాడి చంక కింద వేసి లేపాను. కెప్టెన్ కూడా వస్తానన్నాడు. ఈసారి నేనే వద్దన్నాను. ఆటోలో మేమిద్దరమే కూర్చున్నాం. నాంపల్లి గుంతల్లో ఆటో ఎగిరినప్పుడల్లా వాడు పళ్ళు కొరుక్కుని నన్నూ, మా గల్లీనీ, ఆటోవాడి వంశాన్నీ బూతులు తిట్టాడు. ఆ బూతులన్నీ చిన్నప్పటివే. స్టేషన్ దగ్గర ఆటో ఆగినప్పుడు అటు తిరిగి, "ఏం విన్నవురా అని అడగకపోతిమి" అన్నాడు. నేను వాడి విరిగిన చెయ్యి ఊగకుండా కింద నా చెయ్యి పెట్టి పట్టుకున్నాను.

దవాఖానలో డాక్టర్ మా మనవరాలంత పిల్ల. వాడి చెయ్యి తిప్పి చూసింది. నా చీలిన కనుబొమ్మ చూసింది, ఇద్దరి బట్టల మీది మట్టి చూసింది. ఆ గదిలో కూడా ఒక పోలీసు కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. నేను సిద్ధపడ్డాను. వాడు చెప్పాలి, నేను అనుభవించాలి. అది న్యాయమే.

"ఎట్ల తగిలింది తాతా?" అని అడిగింది.

"ఆటల తగిలిందమ్మా" అన్నాడు వాడు.

"ఈ వయసుల ఏం ఆట?"

"హాకీ."

ఆ పిల్ల నమ్మలేదు. నా వైపు అనుమానంగా చూసింది. "ఎవరు కొట్టిన్రు? ఈయన ఎదురు టీమా?"

"కాదమ్మా," అన్నాడు వాడు, నొప్పికి కళ్ళు మూసుకుని. "ఈయన మా టీమే."